విడాకుల డిక్రీ వచ్చాక ఇంట్లో చిన్న తంతు: పుస్తెలు తీయడం, తిరిగి ఇచ్చుకోవడం ఎలా?

కొత్తగుమ్మం అడిగిన ప్రశ్న:

మా ఇంట్లో ఒక జంటకు పరస్పర అంగీకారంతో విడాకుల డిక్రీ వచ్చింది. రెండు వైపుల పెద్దలూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. పెళ్ళేమో అగ్ని ముందు, నలుగురి ముందు జరిగింది. ముగింపు కోర్టు హాల్లో పేర్లు పిలిచి సంతకాలు పెట్టించుకోవడంతో అయిపోయింది. అలా గాలికి వదిలేయడం ఇద్దరికీ మనసొప్పడం లేదు. పదిమందితో, ఇంట్లోనే, ఎవరికీ తలవంపులు లేకుండా ఒక తంతు చేసుకోవాలనుకుంటున్నారు.

జపాన్‌లో హిరోకి తెరాయ్ అనే ఆయన 2009లో మొదలుపెట్టిన విడాకుల వేడుకల గురించి చదివాం. ఇద్దరూ కలిసి సుత్తి పట్టుకుని పెళ్ళి ఉంగరం నలగ్గొడతారట. మనకు అది అతకదు. తాళిని సుత్తితో కొట్టే ఊహే ఇంట్లో ఎవరికీ పడలేదు. మరి మన పద్ధతిలో ఏం చేయొచ్చు? ఏడడుగులు వెనక్కి వేయించాలని ఒకరు, హోమం చేయించాలని మరొకరు అంటున్నారు. పుస్తెలు ఎవరు తీయాలి, ఎవరికి ఇవ్వాలి? మెట్టెల సంగతేమిటి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కాగితంముందు:

మీకు డిక్రీ వచ్చేసింది కాబట్టి సగం చిక్కు లేదు. రానివాళ్ళు కూడా ఇది చదువుతారు కనుక వరుస చెప్తాను: డిక్రీ ముందు, తంతు తర్వాత. ఈ వరుస తప్పకూడదు.

పరస్పర అంగీకార విడాకుల కోసం హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ 1976లో చేర్చారు. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండి, ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. ఆ తర్వాత ఆరు నెలలు దాటాక, పద్దెనిమిది నెలల లోపు రెండోసారి కోర్టుకొచ్చి అదే మాట చెప్పాలి. తగిన కారణముంటే కోర్టు ఈ ఆరు నెలల గడువును మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు విషయం ఇక్కడుంది: డిక్రీ అయ్యేదాకా ఇద్దరి అంగీకారం నిలబడి ఉండాలి, మధ్యలో ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. మొదటి పిటిషన్ వేయగానే తాళి తీసేసి, బంగారం పంచేసుకుని, నాలుగో నెలలో ఒకరు సంతకం పెట్టనంటే ఆ తంతు అంతా మళ్ళీ గొడవల్లోకి వస్తుంది. వాట్సాప్ ఫొటోలతో సహా.

ఇంకో పెద్ద పొరపాటు మన రెండు రాష్ట్రాల్లోనూ ఆగడం లేదు. పెద్దమనుషుల్లో కూర్చుని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ ముద్ర కొట్టించి 'విడాకులైపోయాయి' అనుకోవడం. అది విడాకులు కాదు. కులాచారంగా వస్తున్న విడాకులను 29(2) సెక్షన్ కాపాడుతుంది, నిజమే. కానీ ఆ ఆచారం ఆ కులంలో ఎప్పటినుంచో నడుస్తోందని సాక్ష్యాలతో రుజువు చేయాలి. కాగితంలో 'మా ఆచారం ప్రకారం' అని రాసుకున్నంత మాత్రాన చాలదు. ఆ కాగితం నమ్ముకుని రెండో పెళ్ళి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82 సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. షెడ్యూల్డ్ తెగలకు ఈ వివాహ చట్టం మామూలుగా వర్తించదు, వాళ్ళ ఆచారమే వాళ్ళకు చట్టం. అది వేరే లెక్క.

కాబట్టి మీ తంతులో ఏం చేసినా, ఏం చదివినా, దానికి చట్టంలో విలువ లేదు. ఉండక్కర్లేదు కూడా. అది మనసుకోసం.

పంచపాత్ర:

అమ్మా, అయ్యా, ముందు సూటిగా ఒక మాట. దీనికి శాస్త్రంలో తంతు లేదు. కన్యాదానం చేసి, హోమం చేసి ముడివేసిన పెళ్ళిని విప్పే మంత్రం గృహ్యసూత్రాల్లో చెప్పలేదు. కౌటిల్యుడు 'పరస్పరం ద్వేషాన్మోక్షః' అన్నాడు, ఒకరంటే ఒకరికి పడనప్పుడు విడుదల ఉందని. ఆ వెంటనే 'అమోక్షో ధర్మవివాహానామ్' అని, ధర్మవివాహాలకు ఆ విడుదల లేదని పక్కన పెట్టేశాడు. అందుకని ఎవరైనా 'వివాహ విచ్ఛేద హోమం' అని రేటు చెప్తే అది ఆయన అల్లుకున్నదే. అలాగని ఏమీ చేయకూడదని కాదు. దేవుడి ముందు దీపం పెట్టి ఉన్నమాట చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఒక్క సూత్రం గట్టిగా పట్టుకోండి: పెళ్ళి తంతును వెనక్కి తిప్పొద్దు. మన కర్మకాండలో తిరగేసి చేసేవన్నీ అపరకర్మలే. కుడి ఎడమ మారడం, జంధ్యం అపసవ్యం కావడం, అప్రదక్షిణంగా తిరగడం, ఇవన్నీ పోయినవాళ్ళకు చేసేవి. ఏడడుగులు వెనక్కి వేయించడం చూడ్డానికి అర్థవంతంగా అనిపిస్తుంది, కానీ చూసే పెద్దవాళ్ళ గుండెలో అది శ్మశానాన్నే గుర్తుచేస్తుంది. కుండ పగలగొట్టడం అసలే వద్దు. బతికున్న మనిషిని పతితుడని వెలివేస్తూ, చచ్చినవాడికింద లెక్కగట్టి నీళ్ళకుండ తన్నించే ఘటస్ఫోటం ధర్మశాస్త్రాల్లో ఉంది. ఇక్కడ ఎవరూ పతితులు కారు, ఎవరూ పోలేదు.

అదే కారణంతో మరికొన్ని జాగ్రత్తలు. గాజులు పగలకూడదు, తీయను కూడా తీయకూడదు. ఆ రోజు చేతినిండా వేసుకోమనండి. బొట్టు చెరపకూడదు. బొట్టూ గాజులూ పెళ్ళితో వచ్చినవి కావు, చిన్నప్పటినుంచీ ఉన్నవి, అలాగే ఉంటాయి. నది ఒడ్డున చేయొద్దు, తలస్నానం చేయించి తీసుకురావద్దు. అక్షతలు పసుపు కలిపినవే వాడండి, తెల్లబియ్యం పళ్ళెంలో కనపడనీయొద్దు. ఇవేవీ శాస్త్రం కాదనొచ్చు. కానీ పదో రోజు తంతు చూసిన అత్తలూ పిన్నులూ ఆ గదిలో ఉంటారు. ఒక్క పోలిక కనబడినా ఏడుపు మొదలవుతుంది, ఆ తర్వాత తంతు సాగదు.

తిరగేయకుండా విడిచిపెట్టడమెలాగో మన పెళ్ళిలోనే ఉంది: కంకణ విసర్జన. మొదట్లో కట్టిన కంకణాన్ని పని పూర్తయ్యాక పూజించి, విప్పి, పక్కన పెడతాం. తెంపం. ఆ పద్ధతినే తీసుకోండి.

కావలసినవి పెద్దగా లేవు. ఒక రాగి చెంబు, ఐదు మామిడాకుల కొమ్మ, పసుపు వంద గ్రాములు, కుంకుమ ఒక చిన్న పొట్లం, అక్షతలకు పావుకిలో బియ్యం, రెండు కొబ్బరికాయలు, పన్నెండు తమలపాకులు, ఆరు వక్కలు, పూలు, దీపానికి నువ్వులనూనె, చిన్న గిన్నెలో ఆవుపాలు, ఒకేలాంటి రెండు ఇత్తడి పళ్ళేలు. పళ్ళేలు ఒకేలా ఉండాలి, ఒకటి వెండీ ఒకటి స్టీలూ పెడితే దానిమీద ఒక వ్యాఖ్య పుడుతుంది.

పీటలు పక్కపక్కన వేయొద్దు. ఎదురెదురుగా, మధ్యలో దీపం, దీపానికి చెరోవైపు పళ్ళెం. పసుపు గణపతి పూజ, ఆ తర్వాత పుణ్యాహవచనం చేసి ఆ నీళ్ళు ఇల్లంతా చల్లాలి. సంకల్పం దగ్గరే చాలామంది పురోహితులు తడబడతారు, ఎందుకంటే 'ధర్మపత్నీ సమేతస్య' నాలుక మీద తిరుగుతూ ఉంటుంది. ముందురోజే చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వండి: ఇద్దరికీ వేర్వేరు సంకల్పం, ఎవరి గోత్రనామాలు వాళ్ళవి, అమ్మాయికి పుట్టింటి గోత్రం. ఆ గోత్రం చెప్పడానికి ఒప్పుకోని పురోహితుడైతే తప్పు పట్టొద్దు, ఆయన నమ్మకం ఆయనది, వేరేవారిని చూసుకోండి. పీటల మీద కూర్చోబెట్టి వాదించుకోవడమే తప్పు.

తర్వాత పుస్తెలు. అమ్మాయే తన చేత్తో తీసుకోవాలి. అబ్బాయి చేత విప్పించొద్దు, అత్తగారి చేత అసలే వద్దు. తీసి, పాలగిన్నెలో ఒక్కసారి ముంచి, పుస్తెలు రెండూ విడదీసి, పుట్టింటివారు పెట్టినది తనవైపు పళ్ళెంలో, అత్తింటివారు పెట్టినది అబ్బాయివైపు పళ్ళెంలో ఉంచాలి. మన తెలుగు పెళ్ళిలో రెండు పుస్తెలు, రెండిళ్ళనుంచి వచ్చి ఒక తాడు మీద చేరాయి. ఇప్పుడు ఏ ఇంటిది ఆ ఇంటికి చేరుతుంది. అంతకన్నా వివరంగా చెప్పే మంత్రం నాకు తట్టడం లేదు.

మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదనే పట్టింపు పెద్దవాళ్ళకు ఉంటుంది. పాత తాడు తీయకముందే అమ్మ చేత ఒక గొలుసు మెడలో వేయించండి. పెళ్ళికి పెట్టినది కాకుండా వేరేది, సన్నదైనా సరే.

ఇద్దరూ చెరో రెండు మాటలు తెలుగులోనే చెప్పుకోవాలి. 'నాతిచరామి అన్నాను. ఆ మాట నుంచి నిన్ను విడుస్తున్నాను, నన్ను విడిచిపెట్టు. నీకు మేలు జరగాలి' అంటే సరిపోతుంది. కారణాలు చెప్పడం మొదలుపెట్టారా, పంచాయితీ అయిపోతుంది. చివర్లో రెండు వైపుల పెద్దలూ ఇద్దరిమీదా విడివిడిగా అక్షతలు వేయాలి, ఉద్వాసన చెప్పాలి. 'పునరాగమనాయ చ' అన్న చోట ఎవరైనా ఉలిక్కిపడితే, ఆ మాట దేవుణ్ణి మళ్ళీ రమ్మని చెప్పేదని నిదానంగా చెప్పండి. దాన్ని వదిలేయనక్కర్లేదు.

మొత్తం ముప్పావుగంట. ముహూర్తం ఉండదు దీనికి, పంచాంగంలో వెతకొద్దు. రాహుకాలం, వర్జ్యం, అమావాస్య తప్పిస్తే పెద్దవాళ్ళ మనసు కుదుటపడుతుంది. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు బంగారం గుమ్మం దాటించడానికి ఏ ఇల్లాలూ ఇష్టపడదు. భోజనం పులిహోర, దద్దోజనం చాలు. విస్తరేసి పెళ్ళిభోజనం పెట్టొద్దు.

కుంపటి:

పంతులుగారు 'రెండూ విడదీసి' అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అక్కడే పని ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

తాళి రెండు రకాలుగా ఉంటుంది. పసుపుతాడుకే పుస్తెలు ఉంటే, ముడులు పసుపూ చెమటా పట్టి రాయిలా బిగిసిపోతాయి. తంతులో కూర్చుని గోళ్ళతో లాగుతూ పది నిమిషాలు గడిచాక, ఎవరో ఒకరు కత్తెర తెస్తారు. ఆ గదిలో కత్తెర రావడంకన్నా ఘోరం లేదు. ముందురోజు రాత్రి ముడి మీద రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి, పొద్దున సన్నని దబ్బనంతో ముడిని వదులు చేసి ఉంచండి. విప్పొద్దు, వదులు చేస్తే చాలు.

బంగారు గొలుసుకు ఎక్కించిన పుస్తెలైతే వేరే చిక్కు. పుస్తెల కొక్కేలను గొలుసు కడియాలకు కలిపి టాంకా వేసి ఉండొచ్చు. అది చేత్తో రాదు. నాలుగైదు రోజుల ముందే కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి, పుస్తెలు, మధ్యలో ఉన్న గుండ్లు, పగడాలు, నల్లపూసలు అన్నీ విడిపించి, పుస్తెలు రెండింటినీ కొత్త పసుపుతాడుకు ఎక్కించి, జారుముడి వేయించి మెడలో వేసుకోవాలి. తంతునాడు కొస లాగితే చాలు, రెండూ చేతిలోకి వచ్చేస్తాయి. గొలుసు తూకం, పుస్తెల తూకం విడివిడిగా రాయించుకోండి.

శుభ్రం చేయకుండా తూకం వేయొద్దు. ఏళ్ళ పసుపు, నూనె, సబ్బు వెనకవైపు గట్టిగా పేరుకుని ఉంటాయి. నాలుగు కుంకుడుకాయలు కొట్టి గోరువెచ్చని నీళ్ళలో వేసి, పుస్తెలను పావుగంట నానబెట్టి, మెత్తని బ్రష్షుతో రుద్దితే వచ్చేస్తుంది. పగడాలు, ముత్యాలు ఆ నీళ్ళలో వేయొద్దు, మెరుపు పోతుంది, వాటిని తడిబట్టతో తుడవాలి. కొన్ని పుస్తెలకు ఉబ్బెత్తుగా ఉన్న చోట లోపల లక్క ఉంటుంది. కరిగించినప్పుడు అది కాలిపోయి తూకం తగ్గుతుంది, కంసాలి కాజేశాడని తగువు అక్కడే పుడుతుంది. కరిగించే ఆలోచన ఉంటే ముందే లక్క తీయించి తూచమనండి.

ఏ పుస్తె ఎవరిదో తెలియకపోవడం కూడా మామూలే. కొన్ని ఇళ్ళలో అచ్చు వేరుగా ఉంటుంది, కొన్ని ఇళ్ళలో రెండూ బిళ్ళల్లాగే ఉండి తేడా తెలియదు. పెళ్ళి ఫొటోల్లో తాళి కొబ్బరిబోండం మీద పెట్టి అందరికీ తిప్పిన ఫొటో ఒకటి ఉంటుంది, పెద్దది చేసి చూడండి. అప్పటికీ తేలకపోతే, తూకం సమానమైతే ఏదైనా ఒకటే అనుకుని వదిలేయండి.

మెట్టెలు ఇంట్లో, గదిలో, ముందే తీసేయడం మంచిది. పదిమంది ముందు కాళ్ళు పట్టుకుని లాగడం బాగోదు. పొద్దున్నే ప్రయత్నించండి, సాయంత్రానికి కాళ్ళు కొంచెం ఉబ్బుతాయి. కొబ్బరినూనె రాసి తిప్పుతూ లాగాలి. రాకపోతే వేలి చివరనుంచి మెట్టె దాకా దారాన్ని ఒత్తుగా చుట్టి, ఆ దారం మీదుగా జార్చాలి. అప్పటికీ రాకపోతే బలవంతం చేయొద్దు, కంసాలి సన్నని కత్తెరతో కత్తిరించి తీసేస్తాడు, వేలికి ఏమీ కాదు.

కాగితంముందు:

పంతులుగారికి నమస్కారం. ఒక్క సవరణ. అత్తింటి పుస్తె అబ్బాయి పళ్ళెంలో పెట్టాలన్నారు. ఆ దృశ్యం నాకూ నచ్చింది. కానీ అది అమ్మాయి తనంతట తాను ఇస్తేనే. పెళ్ళిలో అమ్మాయికి పెట్టిన నగ ఏ వైపునుంచి వచ్చినా ఆమె స్త్రీధనమే, భర్త దగ్గరో అత్తగారి దగ్గరో ఉన్నా అది దాచమని అప్పగించిన సొమ్మే తప్ప వాళ్ళది కాదని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. 'మా పుస్తె మాకివ్వాలి' అని అడిగే హక్కు అబ్బాయి తరఫుకు లేదు. అలా అడిగే వాతావరణం ఉంటే ఈ తంతే పెట్టుకోవద్దు.

కోర్టులో వేసిన రాజీ ఒప్పందంలో నగల జాబితా ఉండి ఉంటుంది. తంతులో చేతులు మారేది ఆ జాబితాకు తేడా రాకూడదు. పుస్తె ఇచ్చినట్టు ఒక చిన్న రసీదు, తూకం, తేదీ, ఇద్దరి సంతకాలు. తంతు ముందురోజే రాసుకోండి, దీపం ముందు కాగితాలు తీయకుండా.

పునర్వివాహం విషయంలో, డిక్రీ తేదీ నుంచి 90 రోజులు ఆగడం క్షేమం. అప్పీలు గడువు అంత.

రావిమాను:

'విడాకులు' మాటలోనే ఆకు ఉంది కదా. విడు, ఆకు. మాటలో ఉన్న ఆకును తంతులోకి ఎందుకు తేకూడదు? జార్ఖండ్, బెంగాల్ సంతాలుల్లో విడిపోయేటప్పుడు ఊరిపెద్దల ముందు భర్త సాలవృక్షం ఆకులు మూడు చింపి, నీళ్ళున్న ఇత్తడి చెంబు ఒలకబోస్తాడని పాత రాతల్లో ఉంది. వాళ్ళది వాళ్ళ ఆచారం, దాన్ని ఎత్తుకురమ్మనడం లేదు. ముఖ్యంగా నీళ్ళు ఒలకబోయడం మనింట్లో పంతులుగారు చెప్పిన ఘటస్ఫోటంలా కనిపిస్తుంది.

మన దగ్గర మాట ఖాయం చేసుకునేది తాంబూలంతోనే. నిశ్చితార్థం తాంబూలాలు పుచ్చుకోవడంతో మొదలైంది. కాబట్టి చివర్లో రెండు కుటుంబాల పెద్దలూ తాంబూలాలు ఇచ్చిపుచ్చుకుని లేవొచ్చు. ఆకులు చింపొద్దు, చిరిగిన తమలపాకు తాంబూలంలో పనికిరాదు. చెరో పళ్ళెంలో రెండాకులు, రెండు వక్కలు, ఒక పండు. ఈసారి లగ్నపత్రిక ఉండదు, మాట ఒక్కటే: ఇకమీదట మీ ఇంటి శుభకార్యానికి పిలిస్తే వస్తాం, పిలవకపోతే అనుకోం. ఆ మాట పెద్దలే చెప్పాలి.

చరిత్ర తెలియాలని ఒకటి. కోస్తా, రాయలసీమల్లో హిందువులకు చట్టప్రకారం విడాకులు 1955 చట్టంతో మొదలు కాలేదు. మద్రాసు ప్రభుత్వం 1949లోనే ద్విభార్యా నిషేధ, విడాకుల చట్టం చేసింది. అంటే కోర్టు దారి వచ్చి ముప్పాతిక శతాబ్దం దాటింది, ఇంటి దారి మాత్రం ఇప్పటికీ ఎవరికి వాళ్ళు వెతుక్కుంటున్నారు.

కొత్తగుమ్మం:

అందరికీ నమస్కారం. రెండు సందేహాలు. ఆరేళ్ళ పాప ఉంది, తంతులో ఉండాలా? అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, అక్కడినుంచి వీడియోలో కూర్చుంటానంటున్నాడు. అలా కుదురుతుందా?

పంచపాత్ర:

పాపను పీటల దగ్గర కూర్చోబెట్టొద్దు, పళ్ళెం పట్టించొద్దు, పుస్తె ఆ చిన్న చేతుల మీదుగా ఇప్పించొద్దు. ఆ రోజు అమ్మమ్మ ఇంట్లోనో నాన్నమ్మ ఇంట్లోనో ఆడుకోనివ్వండి. ఏం జరిగిందో అమ్మా నాన్నా ఇద్దరూ కలిసి తర్వాత చెప్పాలి.

వీడియో కుదురుతుంది. అబ్బాయి తరఫున వాళ్ళ అమ్మో నాన్నో పళ్ళెం దగ్గర కూర్చుంటారు. సంకల్పం మాత్రం ఆయన తన నోటితో చెప్పాలి. మన పొద్దున ఏడున్నరకు పెట్టుకుంటే అక్కడ ముందురోజు రాత్రి అవుతుంది, ఇద్దరికీ మెలకువ ఉండే వేళ.

కాగితంముందు:

మీ డిక్రీ ఇక్కడి కోర్టుదే కాబట్టి ఇబ్బంది లేదు. ఇదే అమెరికా డిక్రీ అయ్యుంటే ముందు దాని చెల్లుబాటు చూడమనేవాణ్ణి. తిరుపతిలో పెళ్ళి చేసుకుని మిస్సోరీలో విడాకులు తీసుకున్న కేసులో, మన వివాహ చట్టంలో లేని కారణంతో, రెండోవారు ఒప్పుకోకుండా వచ్చిన విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది.

వీడియో రికార్డు చేయకండి. చేస్తే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పెడతారు.

కుంపటి:

వీడియోలో కూర్చునేవాళ్ళుంటే జారుముడి కొస పొడుగ్గా వదలండి, కనీసం జానెడు. ఫోను పట్టుకునేవాళ్ళు దగ్గరికొచ్చి మెడ మీదకు వంగకుండా, అమ్మాయే ఒక్క చేత్తో లాగేసుకోవచ్చు.